టైమ్‌టేబుల్‌లో లేని పని

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉపాధ్యాయుల గురించి మీ పత్రికకు పాఠకులు రాసే ఉత్తరాలను చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. బడి మానేసి తిరిగి వచ్చిన పిల్లలకు, ఇంట్లో దెబ్బలు తింటూ పెరుగుతున్న పిల్లలకు, పోలీసుల దాకా వెళ్ళివచ్చిన పిల్లలకు చదువు చెప్పేవారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ ఉత్తరాల్లో ఒకే మాట కనిపిస్తుంది: “వాళ్ళకు ఎంత ఓపిక కావాలో!” మెచ్చుకోలుగానే అంటారు, సందేహం లేదు. అయితే 22 ఏళ్ళుగా గణితం చెబుతూ, అందులో 14 ఏళ్ళు ఇటువంటి పిల్లల తరగతుల్లోనే గడిపినదాన్ని కనుక, ఆ మెచ్చుకోలు చెవిన పడిన ప్రతిసారీ నాకు కొంత ఇబ్బందిగా ఉంటుంది. ఓపిక అనగానే అది ఆ మనిషి పుట్టుకతో తెచ్చుకున్న గుణమైపోతుంది. ఉన్నవాళ్ళు నెగ్గుకొస్తారు, లేనివాళ్ళు ఆ ఉద్యోగానికి తగరు అని తేలిపోతుంది. ఆ ఓపిక రోజుకు ఎంత ఖర్చవుతోంది, ఖర్చయినది మళ్ళీ ఎక్కడి నుంచి రావాలి అని అడగవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోతుంది. నేను అడగదలచినది అదే.

మా తరగతికి వచ్చేది ఎవరో ముందు చెప్పాలి. 13 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలు. కొందరు రెండు మూడేళ్ళు బడికి దూరమై మళ్ళీ వచ్చినవారు. కొందరు, ఇక మావల్ల కాదని వేరే బడులు పంపించివేసినవారు. కొందరి ఇళ్ళల్లో తాగుడు, కొందరి తండ్రులు జైల్లో, కొందరికి అసలు ఇల్లే లేదు. వీళ్ళను “దారి తప్పిన పిల్లలు” అనడం లోకానికి అలవాటు. దారి తప్పాలంటే ముందు ఎవరైనా ఒక దారి చూపించి ఉండాలి కదా అని నాకు అనిపిస్తుంది గానీ, పేర్ల గురించి పేచీ ఇక్కడ అనవసరం. వీళ్ళకు గణితం చెప్పడం కష్టమా అని అడిగితే, అంత కష్టం కాదనే చెబుతాను. ఎక్కడైనా లెక్క లెక్కే. కష్టమంతా లెక్క మొదలు పెట్టడానికి ముందూ, అది అయిపోయిన తర్వాతా ఉంటుంది.

మనసుతో చేసే ఈ చాకిరీకి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టారు. విమానాల్లో ప్రయాణికులకు సేవలందించే సిబ్బందిని దగ్గరగా గమనించి, జీతం కోసం ముఖాన నవ్వు నిలుపుకోవడం కూడా బరువులు మోయడం వంటి పనేనని ఆమె వాదించారు. లోపల లేనిదాన్ని పైకి నటించడం ఒక పద్ధతి అనీ, లోపలి భావాన్నే మార్చుకోవడానికి పూనుకోవడం ఇంకొక పద్ధతి అనీ ఆమె వేరుచేసి చూపారు. ఆ తర్వాత ఉపాధ్యాయుల మీద జరిగిన అధ్యయనాల్లో పైపై నటనకూ వృత్తిపరమైన అలసటకూ గట్టి సంబంధం కనిపించింది. మామూలు తరగతిలోనైతే నటనతో ఒక రోజు గడిపెయ్యవచ్చు. మనసు బాగా లేకపోయినా నవ్వు ముఖం పెట్టుకుని పాఠం చెప్పి బయటపడవచ్చు. మా పిల్లల దగ్గర అది సాగదు.

ఎందుకు సాగదో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సెత్ పొలాక్, ఆయన సహచరుడు 2002లో ప్రచురించిన పరిశోధన చదివాక నాకు అర్థమైంది. మసకమసకగా మొదలై క్రమంగా స్పష్టమయ్యే ముఖాల చిత్రాలను పిల్లలకు చూపించినప్పుడు, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు కోపంతో ఉన్న ముఖాన్ని మిగతావారికంటే ముందే, బొమ్మ ఇంకా పూర్తిగా తేరుకోకముందే గుర్తుపట్టారు. తలుపు తీసిన చప్పుడును బట్టి ఈ రాత్రి ఎలా గడవబోతోందో అంచనా వేసుకోవలసి వచ్చిన బిడ్డకు అది ప్రాణం కాపాడుకునే విద్య. అవే కళ్ళతో వాడు తరగతిలో నా ముఖం చూస్తాడు.

“మీకు కోపం వచ్చింది కదా మేడం, మరి నవ్వుతారెందుకు?” అని ఒకసారి 15 ఏళ్ళ అబ్బాయి అందరి ముందే అడిగాడు. అప్పటికి కాసేపటి క్రితమే వాడు పక్కవాడి నోటుబుక్కు చింపి కిటికీలోంచి పారేశాడు. నాకు మాట తోచలేదు. ఆఖరికి ఉన్నదే చెప్పాను: “వచ్చింది. నీ మీదే వచ్చింది. పది నిమిషాల్లో తగ్గుతుంది, అప్పుడు మాట్లాడుకుందాం.” వాడు గోడ గడియారం వైపు తిరిగి కూర్చున్నాడు. నేను బోర్డు మీద భిన్నాల లెక్క కొనసాగించాను. సరిగ్గా పది నిమిషాలకు వెనక బెంచీ నుంచి “అయిపోయింది” అన్న మాట వినిపించింది. ఆ పది నిమిషాల్లో నేను లెక్క చేస్తూనే, నాలో ఉన్న కోపం ఎంతో కొలుచుకుని, దాన్ని నిజంగానే తగ్గించుకుని, చెప్పిన వేళకు చెప్పినట్టు వాడి ముందు నిలబడవలసి వచ్చింది. తగ్గినట్టు నటిస్తే వాడికి తెలిసిపోతుంది. టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్‌కు ఎదురుగా ఉన్నది మాత్రం ‘గణితం’ అన్న ఒక్క మాటే.

ఈ పనిలో కొత్తగా చేరినవారిని ఎక్కువగా కుంగదీసేది పిల్లల తిట్లు కాదు. తిట్లకు వారం పది రోజుల్లో చెవులు అలవాటు పడతాయి. దగ్గరైన పిల్లవాడు ఉన్నట్టుండి ఎదురుతిరగడం తట్టుకోలేరు. మూడు నెలలు మాట్లాడని అమ్మాయి నాలుగో నెలలో మాట్లాడుతుంది, హోంవర్కు తెస్తుంది, తరగతి అయ్యాక బోర్డు తుడుస్తానంటుంది. మనం లోలోపల సంబరపడతాం. సరిగ్గా ఆ వారంలోనే ఆ అమ్మాయి మన సంచిలోంచి ఏదో తీస్తుంది, లేదా నలుగురిలో మనం తలెత్తుకోలేని మాట అంటుంది. ఇంత చేస్తే ఇదా ఫలితం అని ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లల వైద్యుడూ మానసిక విశ్లేషకుడూ అయిన డొనాల్డ్ వినికాట్ 1956లో ఇటువంటి ప్రవర్తన గురించి రాస్తూ, అందులో ఆశ దాగి ఉంటుందన్నారు. ఆశ పూర్తిగా చచ్చిపోయిన పిల్లవాడు ఎవరినీ పరీక్షించడు. ఈసారి ఈ మనిషి నిలబడవచ్చునేమో అనిపించినప్పుడే పరీక్ష పెడతాడు. అంటే ఆ దొంగతనం, ఆ మాట ఒక రకంగా మన మీద నమ్మకం మొలకెత్తిందనడానికి గుర్తు. ఈ సంగతి బుద్ధికి తెలిసినంత సులువుగా గుండెకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో వినికాట్ గుర్తుకురాడు, ఆ మాటే గుర్తుకొస్తుంది.

సెలవుల ముందు వారం మరో ఉదాహరణ. మామూలు బడుల్లో ఆ వారం పండగలా ఉంటుంది. మా దగ్గర కొట్లాటలు పెరుగుతాయి, బెంచీలు విరుగుతాయి, ఏడాదంతా బుద్ధిగా ఉన్న పిల్లవాడు తలుపును కాలితో తన్ని వెళ్ళిపోతాడు. మొదటి రెండేళ్ళూ నాకిది అంతుపట్టలేదు. నెలకు పైగా పొద్దస్తమానం ఇంట్లోనే ఉండవలసి రావడం ఆ పిల్లల్లో కొందరికి శిక్ష అనీ, విడిపోవడం బాధగా ఉన్నప్పుడు తగువు పెట్టుకుని విడిపోతే బాధ తక్కువగా ఉంటుందని వాళ్ళు చిన్నప్పుడే నేర్చుకున్నారనీ తర్వాత తెలిసింది. తెలిశాక కోపం పోయింది. దాని బదులు వచ్చిన దిగులు కోపం కంటే బరువైనది. సెలవుల్లో ఎవరెవరు ఎలా ఉన్నారో అన్న ఆలోచన ఎక్కడికి వెళ్ళినా వెంటే వచ్చేది.

ప్రేమ ఉంటే చాలు, పిల్లలు వాళ్ళే మారతారు అనేవారూ ఉన్నారు. అనుభవం లేనివారి మాట అది. అందరు పిల్లల మీదా ప్రేమ పుట్టదు. చిన్నవాళ్ళను ఏడిపించి ఆనందించే ఒక అబ్బాయిని నేను రెండేళ్ళు చదివించాను; ఆ రెండేళ్ళలో ఒక్క రోజు కూడా వాణ్ణి ఇష్టపడలేకపోయాను. ఇష్టపడటం లేదని నాకు తెలుసు కనుకే వాడి పేపర్లు మరింత జాగ్రత్తగా దిద్దేదాన్ని, వాడు చెయ్యెత్తితే మొదట వాణ్ణే అడిగేదాన్ని. ఇష్టం లేని చోట న్యాయం తప్పకుండా ఉండటం ప్రేమ కంటే కష్టమని నా అనుభవం. వాడు ఆఖరి పరీక్ష రాసి వెళ్ళిపోయినప్పుడు నాకు హాయిగా అనిపించింది, ఆ హాయి గురించి చాలా రోజులు సిగ్గుగానూ అనిపించింది. ఈ రెండు మాటలూ స్టాఫ్ రూమ్‌లో ఎవరితోనూ అనలేకపోయాను.

ఇక అన్నిటికంటే బరువైన సందర్భం గురించి రాయాలి. తరగతి అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఒక అమ్మాయి తలుపు దగ్గర ఆగుతుంది. సంచి భుజానికి వేసుకునే ఉంటుంది, దాని జిప్పు తీస్తూ పెడుతూ ఉంటుంది. “మీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి” అంటుంది. మాట ఇవ్వకూడదు. ప్రమాదంలో ఉన్న బిడ్డ చెప్పే రహస్యాన్ని దాచే హక్కు ఉపాధ్యాయురాలికి లేదు, దాస్తే కాపాడే దారి మూసుకుపోతుంది. కానీ ఇవ్వనని మొహం మీద చెబితే ఆ అమ్మాయి “ఏం లేదులెండి” అని వెళ్ళిపోవచ్చు, మళ్ళీ జన్మలో ఎవరికీ చెప్పకపోవచ్చు. “నీకు సాయం చేయగలిగిన వాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పను. చెప్పేముందు ఎవరికి చెబుతున్నానో నీకు చెబుతాను” అనడం నేర్చుకున్నాను. కూర్చోమనాలి, కానీ తలుపు పూర్తిగా వెయ్యకూడదు. వింటున్నప్పుడు ముఖంలో భయం గానీ అసహ్యం గానీ కనిపించకూడదు, ఎందుకంటే అది తన మీదేనని ఆ అమ్మాయి అనుకుంటుంది. మన మాటలు తన నోట పెట్టే ప్రశ్నలు వెయ్యకూడదు. తను వాడిన మాటలనే, మంచి మాటలుగా మార్చకుండా, వెంటనే కాగితం మీద పెట్టాలి. ఇవన్నీ నియమాలే, మంచి నియమాలే. ఇన్నిటినీ పాటించడానికి దొరికేది ఆ అమ్మాయి ధైర్యం నిలిచినంతసేపే.

ఒకసారి ఇలా విన్న తర్వాత రాసిన కాగితం కవరులో పెట్టి బాధ్యులకు అప్పగించి వచ్చేసరికి బెల్లు మోగింది. తర్వాతి పీరియడ్ వర్గ సమీకరణాలు. వెళ్ళి చెప్పాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఒక పిల్లవాడు “మేడం, అక్కడ మైనస్ రావాలి” అన్నాడు, థాంక్స్ చెప్పి దిద్దుకున్నాను. ఆ పీరియడ్‌కు నా బదులు ఇంకొకరిని పంపవచ్చునన్న ఆలోచన ఆ రోజు అక్కడ ఎవరికీ రాలేదు, నిజానికి నాకూ రాలేదు. ఆ అమ్మాయి విషయంలో తర్వాత ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పలేదు. గోప్యత అన్నారు. గోప్యత అవసరమే, వివరాలు నాకు అక్కర్లేదు. కానీ “బిడ్డ క్షేమంగా ఉంది” అన్న మూడు ముక్కలు చెబితే ఏ గోప్యతా చెడదు. తర్వాతి వారం హాజరు పట్టీలో ఆ పేరు మీద గీత పడింది. రోజూ ఉదయం ఆ గీత దాటి కింది పేరు పిలిచేదాన్ని.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం ఒకవైపు నుంచే రాసినట్టవుతుంది. ఈ తరగతులకు వచ్చిన మూడో ఏట ఒక అబ్బాయికి నా ఫోన్ నంబరిచ్చి, “ఎప్పుడైనా సరే చెయ్యి, నేనున్నాను” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నా మీద నాకే గౌరవం కలిగింది. ఏడెనిమిది వారాల తర్వాత ఒక అర్ధరాత్రి ఫోన్ మోగింది. అప్పటికే నేను నిద్ర లేక, జ్వరంతో, ఆ ఏడాదికి సరిపడా విసిగిపోయి ఉన్నాను. వాడి పేరు చూశాను. తీయలేదు. పొద్దున్నే చేశాను, ఏమీ లేదన్నాడు. ఆ రాత్రి ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు. వాడు నాతో మర్యాదగానే ఉన్నాడు, ఆ మర్యాదే నాకు శిక్ష. వాడికి తెలిసిన పెద్దవాళ్ళ జాబితాలో నేనూ మరొకదాన్ని అయ్యాను. “ఎప్పుడైనా సరే” అన్న మాట ఏ మనిషీ నిలబెట్టుకోలేనిది. ఆనాటి నుంచి చిన్న మాటలే ఇస్తున్నాను: రేపు ఉదయం బడి మొదలయ్యే ముందు పావుగంట ఇక్కడే ఉంటాను, వస్తే మాట్లాడుకుందాం. ఆ పావుగంట ఉంటాను. మా పిల్లలకు ఆత్మీయత కంటే ముందు కావలసింది రేపు ఏమవుతుందో తెలియడం. ఇది నేను పుస్తకంలో కాక ఒక పిల్లవాడి ఖర్చుతో నేర్చుకున్నాను.

ఫలితం కంటికి కనిపిస్తే ఈ భారమంతా కొంత తేలికయ్యేది. అది కనిపించే అవకాశమూ తక్కువ. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు నడివయసు దాకా గమనించారు. పేదరికం, తల్లిదండ్రుల మానసిక అనారోగ్యం, ఇంట్లో కలహాలు వంటివి ఎన్నో ఒకేసారి మీదపడ్డ పిల్లల్లో దాదాపు మూడింట ఒక వంతు, అన్నీ తట్టుకుని నిలదొక్కుకున్నారు. వారికి తోడుగా నిలిచిన వారిలో బంధువులు, ఇరుగుపొరుగువారు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఈ సంగతిని శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతారు, ఒక్క మంచి టీచరు చాలునన్నట్టుగా చెబుతారు. అదే అధ్యయనంలో ఇంకొక విషయం ఉంది, దాన్ని ఎందుకో తక్కువగా తలుస్తారు: కౌమారంలో చెడిపోయినట్టు కనిపించిన వారిలో కూడా చాలామంది ముప్పై, నలభై ఏళ్ళ వయసుకు కుదుటపడ్డారు. మొదటి మాట మా మీద బాధ్యత పెడుతుంది. రెండో మాట మాకు ఊరట ఇవ్వాలి, ఇస్తుంది కూడా, కాకపోతే 16 ఏళ్ళ పిల్లవాడు 36 ఏళ్ళ వాడయ్యేసరికి వాడు ఎక్కడున్నాడో, నేను ఎక్కడున్నానో. నాటినవాడు చెట్టును చూడకుండానే పోవడం సేద్యంలో మామూలే కావచ్చు. కానీ మాకు ఏటా కొత్త విత్తనాలిచ్చి, ఈ ఏడాది కాయలేవని మార్చి నెలలో లెక్క అడుగుతారు.

అలసట విషయానికి వస్తాను. ‘బర్న్‌అవుట్’ అన్న మాట ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తోంది. మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీని గురించి రాసినప్పుడు ఆయన ముందున్నది ఏ పెద్ద కంపెనీ ఉద్యోగులూ కారు. న్యూయార్క్‌లో మాదకద్రవ్యాల బారిన పడ్డ యువతకు ఉచితంగా వైద్యం అందించే క్లినిక్‌లో తనలోనూ తన తోటి స్వచ్ఛంద కార్యకర్తలలోనూ కనిపించిన మార్పునే ఆయన రాశారు. అంటే ఈ మాట పుట్టిందే ఇటువంటి పిల్లల మధ్య పనిచేసేవారి నుంచి. ఆ తర్వాత మరో మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లో సహచరితో కలిసి దాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. మనసు ఇంకిపోవడం, ఎదుటివారిని మనుషులుగా కాక వస్తువులుగా చూడటం, చేసిన పనికి విలువ లేదనిపించడం అన్న మూడూ అందులో ఉన్నాయి.

రెండోదాన్ని గుర్తుపట్టడానికి ప్రశ్నావళి అక్కర్లేదు, స్టాఫ్ రూమ్‌లో అరగంట కూర్చుంటే చాలు. మొదట్లో పిల్లల పేర్లు వినిపిస్తాయి. తర్వాత ఇంటిపేర్లు, ఆ తర్వాత రోల్ నంబర్లు, చివరికి “ఆ బ్యాచ్”. ఒకప్పుడు ఒక పిల్లవాడు రానందుకు కంగారుపడి ఇంటిదాకా వెళ్ళిన మనిషే, ఇప్పుడు వాడు రాలేదంటే “హమ్మయ్య” అంటారు. నేనూ అన్నాను. ఆ మాట నా నోటివెంట వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. చెడ్డవాళ్ళు కావడం వల్ల ఆ మాట రాదు. ఇవ్వడానికి ఇంకేమీ మిగలని మనసు తలుపు వేసుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను రోగాల్లో చేర్చలేదు. పనిచోట ఎడతెగకుండా ఉండి, సరిగా సంబాళించని ఒత్తిడి వల్ల కలిగే వృత్తి సంబంధమైన స్థితిగా దాన్ని నిర్వచించింది. ఆ నిర్వచనంలో పనిచోటు అన్న మాట మీద నా దృష్టి నిలుస్తుంది. మాకు ఏడాదికి ఒకసారి ఒత్తిడి తగ్గించుకోవడంపై ఒక పూట శిక్షణ ఇస్తారు. కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఊపిరి తీసుకోమంటారు. ఊపిరి తీసుకోవడం మంచిదే, నేను రోజూ తీసుకుంటూనే ఉన్నాను. కానీ ఆ శిక్షణకు రావడానికి వదిలేసిన పీరియడ్లను శనివారం తీసి భర్తీ చేయమని అదే కాగితంలో రాసి ఉంటుంది.

కోపం గురించి కూడా దాచనవసరం లేదు. అనాథలనూ నేరాల్లో పట్టుబడ్డ కుర్రాళ్ళనూ చేరదీయడానికి 1920లో ఉక్రెయిన్‌లోని పోల్తావా సమీపంలో కాలనీ నడిపిన సోవియట్ విద్యావేత్త మకరెంకో, తొలి నెలల్లో నిగ్రహం కోల్పోయి ఒక కుర్రవాణ్ణి కొట్టాడు. ఆ సంగతి ఆయనే రాశాడు. కొట్టడాన్ని సమర్థించడానికి ఈ మాట ఎత్తడం లేదు. పిల్లవాడి మీద చెయ్యి చేసుకోవడం ఎక్కడైనా తప్పే, దెబ్బలు తిని వచ్చిన పిల్లవాడి మీద మరీ తప్పు. అంతటివాడికి కూడా అంచు వచ్చిందన్నదే నేను చెప్పదలచినది. ఆయన దాన్ని రాయగలిగాడు. మేము అంచుకు వచ్చామని ఎవరితో చెప్పాలి? ప్రధానోపాధ్యాయుల వారితో చెబితే అది మా పనితీరు నివేదికలోకి వెళుతుందేమోనని భయం. ఇంట్లో చెబితే ఆ ఉద్యోగం మానెయ్యమంటారు. తోటివారితో చెబితే వారి దగ్గర ఉన్న దానికి ఇది కలుస్తుంది.

ఇతర వృత్తుల్లో దీనికి దారులు ఎప్పుడో వేసుకున్నారు. 1950లలో లండన్‌లో మైకేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్ దంపతులు కుటుంబ వైద్యులను చిన్న బృందంగా కూర్చోబెట్టి, మందుల గురించి కాక, మనసును కలవరపెట్టిన రోగుల గురించి మాట్లాడించారు. ఆ పేరుతోనే ఆ బృందాలు ఎన్నో దేశాల్లో ఈనాటికీ నడుస్తున్నాయి. కౌన్సెలర్లు తమ దగ్గరకు వచ్చినవారి గురించి అనుభవజ్ఞులైన మరొకరితో క్రమం తప్పకుండా మాట్లాడటం ఆ వృత్తిలో నియమం, అది బలహీనతగా ఎవరూ చూడరు. అదే పిల్లవాడితో కౌన్సెలర్ వారానికి ఒక గంట గడుపుతాడు. మేము రోజూ గడుపుతాము, అదీ మరో ముప్పై మందితో కలిపి.

కనుక నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒక పిల్ల వచ్చి తన బాధ చెప్పుకున్న రోజున, విన్న టీచరుకు తర్వాతి పీరియడ్ మినహాయించాలి. ఆ తరగతిని ఎవరు చూసుకోవాలో ముందే రాసిపెట్టుకుంటే అది సాధ్యమే. నెలకు ఒకసారైనా, బడి వేళల్లోనే, బయటి నుంచి వచ్చిన ఒక నిపుణుడి సమక్షంలో ఈ టీచర్లు అయిదారుగురు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. బయటి నుంచి అన్న మాట ముఖ్యం: మా పనికి మార్కులు వేసేవారే మా మనసు వినేవారూ అయితే మేము నోరు విప్పం. పిల్లల గురించి మేము ఇచ్చిన సమాచారం చేరవలసిన చోటుకు చేరిందని, బిడ్డ భద్రంగా ఉందని ఒక్క వాక్యం మాకు తిరిగి రావాలి. చేరిన మొదటి ఏడాదిలోనే కొత్తవారికి ఈ తరగతులు ఒంటరిగా అప్పగించడం మానాలి. సీనియర్లు వద్దన్న తరగతి జూనియర్ల నెత్తిన పడటం రివాజుగా మారింది, ఇందులో మా సీనియర్ల తప్పు కూడా ఉంది. రెండేళ్ళలో అలసిపోయి వెళ్ళిపోయే ప్రతి కొత్త టీచరూ, ఆ పిల్లల లెక్కలో, మాట ఇచ్చి వెళ్ళిపోయిన మరో పెద్దమనిషే.

ఇవన్నీ ఖర్చుతో కూడినవని అంటారు. ఖర్చు ఇప్పుడూ అవుతోంది, కాకపోతే అది ఏ పద్దులోనూ రాయడం లేదు. మంచి టీచర్లు బదిలీ అడిగి వెళ్ళిపోవడంలో, ఉన్నవారు “ఆ బ్యాచ్” అనడంలో అది కనిపిస్తూనే ఉంది.

ఈ ఉత్తరం మీరు ప్రచురిస్తే నా పేరు గానీ బడి పేరు గానీ వేయవద్దని మనవి. నాకు భయమై కాదు. నేనెవరో తెలిస్తే, గడియారం చూసిన ఆ అబ్బాయి, జిప్పు తీస్తూ పెడుతూ నిలబడ్డ ఆ అమ్మాయి ఎవరో కూడా తెలిసిపోతుంది. తను చెప్పిన మాట ఎవరెవరికి చెబుతానో ముందుగా తనకు చెబుతానని ఆ అమ్మాయికి మాట ఇచ్చి ఉన్నాను.

ఇట్లు
భవదీయురాలు
ఒక గణిత ఉపాధ్యాయురాలు